ఆ పాట ఎవరడిగారు?

యాభై ఏళ్ళు నిండిన రాక్ బ్యాండ్ ఇంకా స్టేజీ ఎక్కుతోందంటే ముందుగా వినిపించే మాట "అంతా డబ్బుల కోసమే" అని. ఐరన్ మెయిడెన్ గురించి విశాఖలో మావాళ్ళు సగం మంది ఇదే అంటారు. మిగతా సగం వాళ్ళమీద పడి అరుస్తారు. డిసెంబరులో నాలాంటి ఎన్నారైలు ఊరు చేరగానే ఆర్కే బీచ్ గోడ మీద, చేతిలో మురీ మిక్చర్ పొట్లాలతో, ఈ పంచాయితీ మొదలవుతుంది. అందరివీ నెరిసిన తలలే. పిల్లల పెళ్ళి సంబంధాలు మాట్లాడుకోవాల్సిన వయసులో ఏ ఆల్బం గొప్పదో తేల్చుకోలేక గొంతులు పోగొట్టుకుంటాం.

నా పక్షం ముందే చెప్పేస్తాను. ఎన్నేళ్ళు నిలిచారు, ఎన్ని ఆల్బమ్‌లు చేశారు అనేది నాకు పెద్ద విషయం కాదు. జనం అడగని పాటను జనం ముఖం మీదే పాడే ధైర్యం ఎన్నాళ్ళు ఉందో అదే నాకు లెక్క. ఆ లెక్కన మెయిడెన్ 2024 దాకా మొనగాళ్ళే. ఆ తర్వాతే నాకు అనుమానం.

ఈ సంగీతంతో పరిచయం లేనివాళ్ళకి రెండు ముక్కలు. 1975లో తూర్పు లండన్‌లో బాస్ గిటారిస్ట్ స్టీవ్ హ్యారిస్ పెట్టిన బ్యాండ్ ఇది. మొదటి ఆల్బం 1980లో వచ్చింది. బ్రూస్ డికిన్సన్ గొంతు కలిశాక 1982లో వచ్చిన మూడో ఆల్బంతో ప్రపంచమంతా పాకింది. స్టూడియో ఆల్బమ్‌లు మొత్తం 17.

విశాఖకి ఇది ఎలా చేరిందంటే, క్యాసెట్‌లో. నేవీ క్వార్టర్స్ కుర్రాడెవడో తెచ్చిన ఒరిజినల్ నుంచి తొంభై నిమిషాల ఖాళీ క్యాసెట్ మీదకి ఎక్కించుకునేవాళ్ళం. ఒక్కో వైపు నలభై ఐదు నిమిషాలు, అంటే వైపుకో ఆల్బం. 1986లో వచ్చిన 'సమ్‌వేర్ ఇన్ టైమ్' దగ్గరే తంటా వచ్చేది, అది 51 నిమిషాలు. చివరి పాట 'అలెగ్జాండర్ ద గ్రేట్' ఎనిమిదిన్నర నిమిషాలుంటే, రెండు నిమిషాలు దాటగానే టేపు టక్కుమని ఆగిపోయేది. సిరిపురం నుంచి ఉక్కునగరం దాకా ఎవరింట్లో విన్నా ఆ పాట అక్కడే తెగేది, ఎందుకంటే అందరివీ ఒకే క్యాసెట్‌కి కాపీలు. సీడీలు వచ్చాక గానీ అలెగ్జాండర్ ఏమయ్యాడో మాకు తెలియలేదు.

తమాషా ఏమిటంటే, బ్యాండ్ కూడా ఆ పాటని 37 ఏళ్ళు స్టేజీ మీద ముట్టుకోలేదు. అభిమానులు అడిగీ అడిగీ విసిగిపోయారు. చివరికి 2023 మే నెలలో స్లొవేనియాలోని ల్యుబ్లియానాలో మొదటిసారి వాయించారు. ఆ టూర్ పాటల పట్టిక చూడండి: 1986 ఆల్బం నుంచి ఐదు, 2021లో వచ్చిన 'సెన్‌జుట్సు' నుంచి ఐదు. 'రన్ టు ద హిల్స్' లేదు, 'ద నంబర్ ఆఫ్ ద బీస్ట్' లేదు. టికెట్ కొన్నవాడు దేనికోసం వస్తాడో అదే లేదు! 2024లో అదే టూర్ అమెరికా వచ్చినప్పుడు మన తెలుగువాళ్ళే కొందరు ముఖాలు మాడ్చుకున్నారు. నాకైతే పండగలా అనిపించింది.

వాళ్ళకి ఈ మొండితనం కొత్త కాదు. 2006లో కొత్త ఆల్బం రాగానే దాన్ని మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసగా వాయించి, ఆ తర్వాతే పాతవాటి జోలికి వెళ్ళారు. జనం గొణిగారు, వీళ్ళు వినలేదు. మరుసటి ఏడాది మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చినప్పుడు కూడా కొత్త పాటలు కొన్ని ఉంచారు. విశాఖ నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ పట్టుకుని వెళ్ళిన మావాళ్ళు ఈ రోజుకీ ఆ ముచ్చట చెప్పడం ఆపరు. రైల్లో నల్ల టీషర్టుల గుంపుని చూసి పక్క బెర్తు పెద్దాయన "బాబూ, శబరిమలకా?" అని అడిగారట!

ఇక బ్లేజ్ బెయిలీ. డికిన్సన్ బ్యాండ్ వదిలి వెళ్ళాక 1994 నుంచి 1999 దాకా పాడిన ఈయన పేరెత్తితే గాజువాక మిత్రుడు పొట్లం పక్కన పెట్టి మరీ తిడతాడు. ఆ గొంతు ఈ పాటలకి సరిపోలేదన్న మాట నిజమే. కానీ ఆ రోజుల్లో పుట్టిన 'ద క్లాన్స్‌మన్' పాటని తిరిగొచ్చిన డికిన్సన్ 2018 టూర్‌లో పాడుతుంటే స్టేడియాలు ఊగిపోయాయి. పాడినవాడు వెళ్ళిపోయినా పాట మిగిలిందిగా! అది పనికిరాని కాలం ఎలా అవుతుంది? ఈ మాటంటే మావాడు "ఏటి గురూ, నువ్వు అమెరికా వెళ్ళి పాడైపోనావు" అంటాడు.

వెనకేసుకురాలేనివీ ఉన్నాయి. 'సెన్‌జుట్సు'లో చివరి మూడు పాటలూ హ్యారిస్ ఒక్కడే రాసినవి, మూడూ పది నిమిషాలు దాటినవే. వాటిలో 'ద పార్చ్‌మెంట్' దగ్గర నాకు కునుకు పడుతుంది. ఎవరో ఒకరు ఆయనకి కత్తెర ఇవ్వాలి. కానీ ఆ వెంటనే వచ్చే 'హెల్ ఆన్ ఎర్త్' ఉందే, పాతికేళ్ళ కుర్రాళ్ళు కూడా అలాంటిది రాయలేరు.

అందుకే 2025లో మొదలైన యాభై ఏళ్ళ టూర్ నన్ను నిరాశపరిచింది. 1980 నుంచి 1992 దాకా వచ్చిన తొమ్మిది ఆల్బమ్‌ల పాటలే వాయిస్తామని ముందే ప్రకటించారు. అంటే 1999లో డికిన్సన్, గిటారిస్ట్ ఏడ్రియన్ స్మిత్ తిరిగొచ్చి చేసిన పనంతా పక్కకి పోయింది. డ్రమ్మర్ నికో మెక్‌బ్రెయిన్ 2023లో పక్షవాతం వచ్చి కూడా కోలుకుని రెండేళ్ళు టూర్ చేసి, 2024 డిసెంబరులో టూర్ల నుంచి తప్పుకున్నాడు. అంత ఓర్చుకుని నిలబడిన బ్యాండ్ ఇప్పుడు సేఫ్‌గా ఆడటం ఏమిటి?

దీనికి ఉక్కునగరం మిత్రుడి దగ్గర జవాబుంది, దాన్ని కొట్టిపారేయలేను. "నువ్వు అక్కడ ఎన్నిసార్లయినా చూస్తావు. మేం 2007, 2008, 2009లో బెంగళూరు, ముంబై పరిగెత్తాం. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఎదురుచూపులే. ఇంకొక్కసారి వస్తే నాకు పాతవే కావాలి, కొత్తవి నువ్వు వినుకో." ఆ ఆశ ముందు నా సిద్ధాంతం కాస్త తేలిపోతుంది. అయినా మార్చుకోను.

ఎందుకంటే పాతవే కావాలనే ఈ జబ్బు ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘంలోనే ఉంది. హైదరాబాద్ నుంచి గాయకులని ఇంత ఖర్చు పెట్టి పిలిపిస్తాం. స్టేజీ మీదకి వెళ్ళే చీటీలన్నీ నలభై ఏళ్ళ కిందటి పాటలవే. తను స్వరపరిచిన పాట ఒకటి పాడబోతే హాలు హాలంతా ఫోన్లలోకి దిగుతుంది. అందుకని కమిటీవారికి ఒక మనవి: వచ్చే ఉగాది సంగీత విభావరిలో నాలుగు పాటలు గాయకుడి ఇష్టానికి వదిలేయండి, వాటికి చీటీలు తీసుకోవద్దు. నచ్చనివాళ్ళు ఆ కాసేపు వెళ్ళి భోజనాల లైన్లో నిలబడవచ్చు. ఎలాగూ సగం మంది అక్కడే ఉంటారు.