సవరణ: సున్నా పాయింట్ల కాంటాక్టు వృథా కాదు

సీక్యూ వరల్డ్ వైడ్ కాంటెస్టు (రేడియోలో వీలైనన్ని స్టేషన్లతో మాట్లాడి పాయింట్లు తెచ్చుకునే ప్రపంచ పోటీ) మీద తిరుపతి హామ్ (అమెచ్యూర్ రేడియో) మిత్రుల కోసం పెట్టిన పోస్టులో "మన దేశం స్టేషన్లతో పాయింట్లు రావు, వదిలేయండి" అని ఉంది. మొదటి మాట నిజం, రెండోది తప్పు.

సొంత దేశం వాళ్లతో కాంటాక్టుకు సున్నా పాయింట్లే. కానీ ఒక్కో బ్యాండులో (ఫ్రీక్వెన్సీ శ్రేణిలో) ఇండియా ఒక మల్టిప్లయర్ (స్కోరును పెంచే గుణకం), మనం ఉన్న 22వ జోన్ ఇంకొకటి. మొత్తం పాయింట్లను మల్టిప్లయర్లతోనే గుణిస్తారు. అందుకని 40 మీటర్ల బ్యాండులో చిత్తూరు నుంచి ఎవరైనా పిలిస్తే మొహమాటం లేకుండా "59, 22" (సిగ్నల్ రిపోర్టు, జోన్ నంబరు) ఇచ్చి లాగ్‌లో (కాంటాక్టుల పట్టికలో) రాసుకోండి. ఆ పోస్టులో జపాన్‌కు 1, యూరప్‌కు 3 పాయింట్లు అన్నది సరైనదే.

ఇంకోటి, ఆ పోస్టులో క్లస్టర్ (ఏ స్టేషన్ ఏ ఫ్రీక్వెన్సీలో ఉందో చెప్పే ఆన్‌లైన్ జాబితా) చూడటమే మోసం అన్నట్టు ధ్వనించింది. కాదండీ, అసిస్టెడ్ కేటగిరీలో (ఇలాంటి సాయం తీసుకునేవాళ్ల విభాగంలో) హాయిగా చూసుకోవచ్చు. చూసి కూడా మామూలు సింగిల్ ఆపరేటర్‌గా లాగ్ పంపితేనే తప్పు.

కాంటెస్టు అయ్యాక రికార్డింగ్ విని కాల్‌సైన్లు (స్టేషన్ల గుర్తింపు పేర్లు) దిద్దడమూ నిషేధమే. నన్నడిగితే అసలు దొంగాట ఇదే, పక్కవాడికి కూడా కనబడదు. మన టైములో సోమవారం ఉదయం 5.29కి ఆట ముగుస్తుంది. ఆ తర్వాత ఐదు రోజుల్లో లాగ్ పంపేయాలి.