ఏడాది లేని సీసాకీ తేదీ కావాలి

గృహప్రవేశానికో, ప్రమోషన్‌కో మన ఇళ్ళకి ఎవరో ఒకరు షాంపేన్ సీసా పట్టుకొస్తారు. పుచ్చుకున్నవాళ్ళంతా తాగేవాళ్ళు కారు. అది ఫ్రిజ్ పైనున్న అల్మారాలో చేరుతుంది, రెండు మూడేళ్ళకి ఇంకొకరి గృహప్రవేశానికి బయల్దేరుతుంది. చివరికి దాన్ని తెరిచే ఇంట్లో దాని వయసెంతో ఎవరికీ తెలీదు. చాలా సీసాల మీద మామూలు మనిషికి అర్థమయ్యే తేదీ ఒక్కటీ ఉండదు. ఉండి తీరాలన్నది నా అభిప్రాయం. అది అసాధ్యమనేవాళ్ళకి ఫ్రాన్స్‌లో రీమ్స్ నగరంలోని చార్లెస్ హైడ్సీక్ అనే షాంపేన్ హౌస్ (తయారీ కంపెనీ) వాళ్ళ బ్రూట్ రిజర్వ్ సీసా తిప్పి వెనక లేబుల్ చూపిస్తాను.

లేబుల్ మీద పంట సంవత్సరం లేకపోవడం నాసిరకానికి గుర్తని మనలో చాలామంది అనుకుంటారు. నిజానికి షాంపేన్‌లో ఎక్కువ భాగం అలాంటిదే, దాన్నే నాన్-వింటేజ్ అంటారు. ఫ్రాన్స్ ఉత్తరాన ఉన్న షాంపేన్ సీమలో చలి ఎక్కువ. ఒక ఏడు వసంతంలో మంచు పడి చిగుళ్ళు మాడిపోతాయి, ఇంకో ఏడు కోతల వేళకి వానలు పట్టుకుంటాయి. అందుకని మంచి ఏళ్ళ వైన్‌ని కొంత దాచిపెట్టి, కొత్త ఏటి వైన్‌లో కలుపుతారు. దాచిన దాన్ని రిజర్వ్ వైన్ అంటారు. ఏటేటా వాతావరణం మారుతున్నా రుచి ఆ హౌస్‌దే అనిపించాలి. నా లెక్కలో సెల్లార్ మాస్టర్‌కి, అంటే వైన్లు కలిపే పెద్దకి, అసలు పరీక్ష ఇదే. మంచి ఏడు వస్తే మంచి వైన్ చేయడం అంత గొప్ప కాదు.

ఈ హౌస్‌కి అమెరికాతో ఉన్న బంధం ఇక్కడున్న మనకి తెలియాల్సింది. చార్లెస్-కమీల్ హైడ్సీక్ 1851లో వ్యాపారం మొదలుపెట్టి, మరుసటి ఏడే అట్లాంటిక్ దాటి వచ్చాడు. ఈ దేశంలో తన వైన్ అమ్ముతూ ఊరూరా తిరిగి 'షాంపేన్ చార్లీ' అని పేరు తెచ్చుకున్నాడు. అంతర్యుద్ధం వచ్చేసరికి రావలసిన బాకీలన్నీ దక్షిణాదిలో ఇరుక్కుపోయాయి. వసూలుకని దిగినవాడు 1862లో న్యూ ఓర్లియన్స్‌లో యూనియన్ (ఉత్తరాది) సైన్యానికి దొరికిపోయాడు. అతని దగ్గరున్న ఫ్రెంచి దౌత్య సంచీలో, దక్షిణాది సైన్యానికి బట్ట సరఫరా చేస్తామని ఫ్రెంచి మిల్లులవాళ్ళు రాసిన ఉత్తరాలు బయటపడ్డాయి. గూఢచారి అని ముద్ర వేసి, మిసిసిపీ ఒడ్డునున్న ఫోర్ట్ జాక్సన్‌లో నెలల తరబడి బంధించారు. బయటపడేసరికి ఆరోగ్యమూ పోయింది, వ్యాపారమూ పోయింది. తరవాత డెన్వర్‌లో కలిసొచ్చిన భూములు అమ్మి అప్పులన్నీ తీర్చాడు. బాకీ ఎగ్గొట్టకుండా నిలబడిన ఆ మనిషంటే నాకు గౌరవం.

సీసా లోపలి కథకొస్తే తలుచుకోవలసిన పేరు డానియెల్ తిబో. 1985లో హౌస్ రెమీ మార్టిన్ అనే కోన్యాక్ కంపెనీ చేతికి వచ్చాక, సెల్లార్ మాస్టర్‌గా ఆయన పట్టుబట్టి రిజర్వ్ వైన్లు పోగుచేశాడు. మామూలు బ్లెండ్‌లో వాటి వాటాని 40 శాతం దాకా తీసుకెళ్ళాడు. పినో న్వార్, షార్డనే, మ్యూనియే అనే ద్రాక్ష రకాలు మూడూ ఇంచుమించు సమపాళ్ళు. సీసాలు పండేది రీమ్స్ నేల కింద, రోమన్ల కాలంలో సుద్దరాయి తవ్విన గోతుల్లో. అక్కడ ఏడాది పొడుగునా చల్లదనం పది డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది. చట్టం ప్రకారం నాన్-వింటేజ్ షాంపేన్‌కి సీసాలో 15 నెలలు చాలు. బ్రూట్ రిజర్వ్ అంతకంటే చాలా ఎక్కువ కాలమే కింద ఉంటుంది. గ్లాసు దగ్గరికి తెస్తే వేయించిన బాదం, ఎండు ఆప్రికాట్, అప్పుడే కాల్చిన బ్రెడ్ వాసనలు వస్తాయి. పుల్లగా చురుక్కుమనిపించే వైన్ కాదిది, నాలుక మీద కాసేపు నిలుస్తుంది.

1990ల్లో తిబో ఇంకో పని చేశాడు. బ్లెండ్‌ని సీసాలకెత్తి నేలమాళిగలో పెట్టిన సంవత్సరాన్ని లేబుల్ మీద వేయించాడు. ఆ అంకె చూసి వింటేజ్ అనుకుని తికమకపడ్డవాళ్ళూ ఉన్నారు. అయినా ఆ ఆలోచన బతికింది. ఇప్పుడు వెనక లేబుల్ మీద ఆ సంవత్సరంతో పాటు, బుడగలు పుట్టించి సీసాలో మిగిలిన ఈస్ట్ మడ్డి తీసేసి ఆఖరి బిరడా బిగించిన సంవత్సరం కూడా కనిపిస్తుంది.

కొనేవాడికి రెండో అంకె ప్రాణం. మడ్డి ఉన్నంతకాలం వైన్‌కి అది కాపలా కాస్తుంది. తీసేశాక గడియారం వేరే వేగంతో నడుస్తుంది. చల్లటి చీకట్లో ఉంచితే కొన్నేళ్ళు హాయిగా ఉంటుంది, ఫ్రిజ్ పైని వేడికి తొందరగా వడిలిపోతుంది. తేదీ లేని సీసా తెరిచినప్పుడు బిరడా చూడండి. ఈమధ్య బిగించినదైతే అడుగు భాగం బయటికి రాగానే గొడుగులా విచ్చుకుంటుంది. ఏళ్ళ తరబడి నొక్కుకుపోయినదైతే మేకులా సన్నగా అలాగే ఉండిపోతుంది. కానీ ఇది డబ్బిచ్చి, ఇంటికి తెచ్చి, తెరిచాక తెలిసే సంగతి. ఊరి నుంచి వచ్చిన ఆవకాయ జాడీని సైతం కొత్తదా, నిరుటిదా అని అడక్కుండా మూత తీయని మనం, అరవై డాలర్ల సీసా దగ్గర ఎందుకు ఊరుకోవాలి?

తేదీ వేస్తే కొనేవాళ్ళు గందరగోళపడతారన్నది పెద్ద కంపెనీల పాత జవాబు. నాకు అది ఒప్పదు. క్రూగ్ హౌస్ 2011 నుంచి ప్రతి సీసా వెనకా ఒక సంఖ్య ఇస్తోంది, దానితో ఆ సీసా పుట్టుపూర్వోత్తరాలన్నీ తెలుసుకోవచ్చు. జాక్సన్ హౌస్ తన బ్లెండ్‌కి ఏటా వరస సంఖ్య వేస్తుంది. లూయీ రోడరర్ 2021లో తన పాత బ్రూట్ ప్రెమియర్‌ని పక్కనపెట్టి, కలెక్షన్ 242 అంటూ సంఖ్యతోనే కొత్త బ్లెండ్ తెచ్చింది. వీళ్ళ ఖాతాదారులెవరూ గందరగోళపడి పారిపోలేదు. యూరప్ చట్టం ప్రకారం ప్రతి సీసా మీదా లాట్ కోడ్ (ఏ విడత సరుకో చెప్పే గుర్తు) ఎలాగూ ముద్రిస్తున్నారు. అందులోని సమాచారాన్నే చదవగలిగే నెల, సంవత్సరంగా వేయడానికి అదనంగా ఖర్చయ్యేది నాలుగు చుక్కల సిరా.

మన సంఘాల వార్షికోత్సవాలకీ, దాతల విందులకీ కేసులకి కేసులు కొంటాం. అంత సరుకు కొనేవాళ్ళు అడిగితే దుకాణదారు వింటాడు, అతను అడిగితే దిగుమతిదారు వింటాడు. ఈసారి ఆర్డరు పెట్టే కమిటీవాళ్ళు ధరతో పాటు డిస్గోర్జ్‌మెంట్ తేదీ, అంటే మడ్డి తీసిన తేదీ, కూడా రాతపూర్వకంగా అడగాలి. చెప్పలేమంటే, చెప్పే హౌస్ సీసాలే కొనాలి.