జెర్సీ మీద పేరు రాయించుకున్నవాళ్లూ జవాబు చెప్పాలి

2021 ఏప్రిల్ 18, ఆదివారం రాత్రి, యూరప్‌లోని పన్నెండు పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులు తమకంటూ ఒక సూపర్ లీగ్ పెట్టుకుంటున్నట్టు ప్రకటించాయి. మంగళవారం రాత్రికల్లా ఆరు ఇంగ్లిష్ క్లబ్బులూ వెనక్కి తగ్గాయి. చెల్సీ క్లబ్బు స్టేడియం స్టాంఫర్డ్ బ్రిడ్జ్ బయట రోడ్డుకు అడ్డంగా నిలబడ్డ చెల్సీ అభిమానుల గురించి, వాళ్లను శాంతింపజేయడానికి వచ్చిన క్లబ్బు మాజీ గోల్‌కీపర్ పీటర్ చెక్ గురించి, టీవీలో మాజీ ఆటగాడు గ్యారీ నెవిల్ కోపం గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నేను రాయదలచుకున్నది ఆ తర్వాతి వారాల గురించి. నేను అభిమానించే మాంచెస్టర్ యునైటెడ్ మద్దతుదారులు ఆ వారాల్లో యజమానులతో నేరుగా తలపడుతూనే, వాళ్లకు డబ్బిచ్చే స్పాన్సర్ల వైపు తిరిగారు. ఆ పని సరైనదని నేను గట్టిగా నమ్ముతున్నాను. వేల మైళ్ల దూరంలో అర్ధరాత్రి దాటాక మ్యాచ్ చూసే మనలాంటి వాళ్లకు అది మాంచెస్టర్ వాసులకంటే ఎక్కువ వర్తిస్తుందని కూడా నమ్ముతున్నాను.

ముందుగా ఆ లీగ్‌లో తప్పేముందో చెప్పుకోవాలి, ఎందుకంటే పెద్ద జట్లు వారం వారం తలపడితే చూసేవాళ్లకు పండగే కదా అనే మాట ఇప్పటికీ వినిపిస్తోంది. మొత్తం ఇరవై జట్లలో పదిహేను స్థానాలు వ్యవస్థాపక క్లబ్బులకు, అంటే ఆ పన్నెండుకూ తర్వాత చేరాల్సిన మరో మూడింటికీ, శాశ్వతం. అవి ఎంత చెత్తగా ఆడినా బయటికి పోవు. మిగిలిన ఐదు స్థానాల కోసమే ఖండమంతా పోటీపడాలి. వ్యవస్థాపకులు పంచుకోవడానికి 350 కోట్ల యూరోలు సిద్ధంగా ఉంటాయని ప్రకటనలోనే రాశారు, ఆ ఏర్పాటు వెనుక అప్పు ఇచ్చే బ్యాంకు జేపీ మోర్గాన్. ఆ పన్నెండింటిలో ఒకటైన టాటెన్‌హామ్ చివరిసారి ఇంగ్లండ్ లీగ్ గెలిచింది 1961లో. ఆర్సెనల్ అప్పటికి నాలుగేళ్లుగా యూరప్ మేటి క్లబ్బుల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్ ముఖం చూడలేదు. 2016లో లీగ్ గెలిచిన లెస్టర్‌కు మాత్రం అందులో శాశ్వత స్థానం లేదు, 1979, 1980 సంవత్సరాల్లో వరుసగా యూరోపియన్ కప్ (ఛాంపియన్స్ లీగ్ పాత పేరు) ఎత్తిన నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కూ లేదు. ఓడిపోతే నష్టపోయే అవకాశాన్ని డబ్బున్నవాళ్లు తమకు లేకుండా చేసుకున్నాక మైదానంలో జరిగేదాన్ని పోటీ అని పిలవడానికి నాకు మనసొప్పదు.

ఇక అభిమాని ఏం చేయగలడు? మామూలుగా చెప్పే జవాబు, మ్యాచ్‌కు వెళ్లడం మానేయడం. అది నిజంగా పనిచేసిన సందర్భాలున్నాయి. 2016 ఫిబ్రవరిలో 77 పౌండ్ల టికెట్‌కు నిరసనగా వేలాది లివర్‌పూల్ అభిమానులు సరిగ్గా 77వ నిమిషంలో లేచి వెళ్లిపోతే, కొద్ది రోజుల్లోనే యాజమాన్యం ఆ ధరను వెనక్కి తీసుకుంది. కానీ 2021 వసంతంలో స్టేడియాలు కరోనా వల్ల అప్పటికే మూతపడి ఉన్నాయి. ఖాళీగా ఉన్న కుర్చీని ఇంకెవరూ ఖాళీ చేయలేరు. యునైటెడ్ లెక్కలే చూడండి: 2018-19లో మ్యాచ్ రోజుల రాబడి దాదాపు 11 కోట్ల పౌండ్లు ఉంటే, 2020-21లో అది 71 లక్షలకు పడిపోయింది. అదే ఏడాది స్పాన్సర్‌షిప్‌లు, కిట్లు, వస్తువుల అమ్మకాల వంటి వాణిజ్య రాబడి మాత్రం 23 కోట్ల పౌండ్లు దాటింది. టికెట్ కొనే మనిషి లేకపోయినా క్లబ్బు నడుస్తుందని ఆ ఏడాది యజమానులకు అర్థమైంది, సూపర్ లీగ్ ప్రకటనకు ఆ సమయాన్నే ఎంచుకోవడం యాదృచ్ఛికమని నేననుకోను. అభిమానులు కూడా అవే లెక్కలు చదివి, డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో అక్కడికే వెళ్లారు.

ఈ విషయం దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే బహిష్కరణను ఉత్త కోపప్రదర్శనగా చూసేవాళ్లు దీన్నే గమనించడం లేదు. బియ్యం బాగోలేకపోతే మనం కొట్టు మారుస్తాం, జట్టును మాత్రం అలా మార్చలేం. నాన్న నుంచో, అన్నయ్య నుంచో, హాస్టల్ గదిలోని స్నేహితుడి నుంచో అంటుకున్న అభిమానం యజమాని చెడ్డవాడైనంత మాత్రాన మాంచెస్టర్ సిటీకో లివర్‌పూల్‌కో బదిలీ అయిపోదు. ఆ సంగతి యజమానికి బాగా తెలుసు. 2005లో గ్లేజర్ కుటుంబం దాదాపు 79 కోట్ల పౌండ్లకు యునైటెడ్‌ను కొని, ఆ కొనుగోలుకు చేసిన అప్పులో పెద్ద భాగాన్ని క్లబ్బు నెత్తినే రుద్ది, అన్నేళ్లు నిశ్చింతగా ఉండగలిగింది ఆ ధైర్యంతోనే. కానీ జెర్సీ మీద పేరు రాయించుకున్న కంపెనీకి అలాంటి భరోసా లేదు. దాని సాఫ్ట్‌వేర్ కాకపోతే ఇంకొకటి, దాని టైరు కాకపోతే మరొకటి దొరుకుతుంది. క్లబ్బు ముందు అభిమాని కట్టుబడినవాడు, ఆ కంపెనీ ముందు మాత్రం స్వతంత్రుడు. పైగా ఆ కంపెనీ కోట్లు పోసి కొనుక్కున్నది అభిమాని ఇష్టాన్నే. ఆ ఇష్టం అయిష్టంగా మారినప్పుడు చేతికి తగినంత సరుకు రాలేదని తెలుసుకునేది, క్లబ్బు పెద్దలకు ఫోన్ చేసి అడిగేది ఆ కంపెనీయే. అభిమాని ఫోన్ ఎత్తని యజమాని స్పాన్సర్ ఫోన్ ఎత్తక తప్పదు.

జరిగింది కూడా అదే. 'నాట్ ఎ పెన్నీ మోర్', అంటే ఇకపై ఒక్క పెన్నీ కూడా ఇవ్వం అనే నినాదంతో యునైటెడ్ అభిమానులు స్పాన్సర్ కంపెనీలకు బహిరంగ లేఖ రాశారు. గ్లేజర్లకు మీరిచ్చే డబ్బు ఆగేదాకా మీ వస్తువులు కొనబోమని స్పష్టంగా చెప్పారు. మాంచెస్టర్‌కే చెందిన ద హట్ గ్రూప్ అనే ఆన్‌లైన్ వ్యాపార సంస్థ అప్పటికి క్లబ్బు శిక్షణ దుస్తుల మీద పేరు కోసం పదేళ్లకు 20 కోట్ల పౌండ్ల ఒప్పందానికి సిద్ధమైంది. అభిమానుల బహిష్కరణ తమ బ్రాండ్లకు తగులుతుందన్న భయంతో ఆ సంస్థ తప్పుకుందని బ్రిటన్ పత్రికలు రాశాయి. మన జిమ్‌లలో కుర్రాళ్లు కొనే మైప్రోటీన్ డబ్బాలు ఆ గ్రూపువే. అంతకుముందే, సూపర్ లీగ్ సంక్షోభం నడుస్తుండగానే, లివర్‌పూల్ నగరానికి చెందిన ట్రైబస్ అనే చిన్న గడియారాల కంపెనీ లివర్‌పూల్ క్లబ్బుతో తన ఒప్పందాన్ని తెంచుకుంది. ఇది నన్ను మరింత కదిలించింది. పెద్ద క్లబ్బు పక్కన పేరు కనిపించడం ఒక చిన్న కంపెనీకి ఎంత విలువైన అవకాశమో ఆలోచించండి, ఎవరూ బలవంతపెట్టకముందే అది ఆ అవకాశాన్ని వదులుకుంది. అప్పివ్వడానికి సిద్ధమైన జేపీ మోర్గాన్ కూడా, ఈ ఒప్పందాన్ని ఫుట్‌బాల్ లోకం ఎలా చూస్తుందో తాము తప్పుగా అంచనా వేశామని అదే వారంలో ఒప్పుకోక తప్పలేదు.

నేను దీన్ని గోరంతను కొండంత చేసి చెప్పదలచుకోలేదు. ఆ రెండు రోజుల్లో సూపర్ లీగ్ కూలడానికి వీధుల్లో జనం, ఆటగాళ్లు, శిక్షకులు, బ్రిటన్ ప్రభుత్వ హెచ్చరిక, యూరప్ ఫుట్‌బాల్ పాలక సంస్థ యూఈఎఫ్ఏ బెదిరింపు అన్నీ కారణాలే. స్పాన్సర్ల ఒత్తిడి వాటిలో ఒకటి మాత్రమే. మే 2న అభిమానులు యునైటెడ్ సొంత మైదానమైన ఓల్డ్ ట్రాఫర్డ్‌లోకి చొచ్చుకెళ్లి లివర్‌పూల్‌తో మ్యాచ్‌ను వాయిదా వేయించినప్పుడు ప్రపంచం చూసింది ఆ దృశ్యాన్నే తప్ప లేఖలను కాదు. 2022 ఫిబ్రవరికల్లా శిక్షణ దుస్తుల మీద తెజోస్ అనే క్రిప్టో సంస్థ పేరు వచ్చేసింది. 2024లో బ్రిటన్ వ్యాపారవేత్త జిమ్ రాట్‌క్లిఫ్ నాలుగో వంతుకు పైగా వాటా కొన్నాడు, అయినా గ్లేజర్లు పోలేదు. అంటే అభిమానులు గెలిచింది కొన్ని నెలలు, కొన్ని కోట్లు. అలసిపోయి ఆపేస్తే అంతే మిగులుతుంది.

అలసిపోకపోతే ఏమవుతుందో చూడాలంటే లివర్‌పూల్‌కే వెళ్లాలి. 1989 ఏప్రిల్‌లో హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాటలో చనిపోయిన లివర్‌పూల్ అభిమానుల సంఖ్య చివరికి 97కు చేరింది. దుర్ఘటన జరిగిన నాలుగో రోజే ద సన్ పత్రిక ఆ నేరాన్ని అభిమానుల మీదే మోపుతూ అబద్ధాలను మొదటి పేజీలో అచ్చేసింది. లివర్‌పూల్ నగరం ఉన్న మెర్సీసైడ్ ప్రాంతం ఆ పత్రికను కొనడం మానేసింది. మూడు దశాబ్దాలు దాటాయి, ఇప్పటికీ అక్కడ దాని అమ్మకాలు కోలుకోలేదు. దాన్ని అమ్మని దుకాణాలున్నాయి, మైదానంలో బద్ధ శత్రువులైన ఎవర్టన్ అభిమానులూ ఈ విషయంలో లివర్‌పూల్ వాళ్లతో కలిసే ఉన్నారు. ఆ తర్వాత పుట్టిన పిల్లలకు కూడా ఆ పత్రిక ఇంట్లోకి రాకూడదని తెలుసు. సూపర్ లీగ్‌ను ఆ విషాదంతో పోల్చడం లేదు, పోల్చకూడదు కూడా. కాకపోతే కొనడం మానేయడమనే పనిని ఒక నగరం తరాల పాటు మోయగలదని నిరూపించినవాళ్లు ఫుట్‌బాల్ అభిమానులే.

ఇప్పుడు మన సంగతి. ఆ లీగ్‌ను రూపొందించినవాళ్లు ప్రతివారం స్టేడియానికి వచ్చే స్థానికులను పాతకాలపు అభిమానులుగా, దూరదేశాల్లో తెర మీద చూసేవాళ్లను రేపటి అభిమానులుగా విడదీసి మాట్లాడుకున్నారని అప్పట్లో వార్తలొచ్చాయి. యువతకు ఆట మీద ఆసక్తి పోతోందని, ఆటను కాపాడటానికే ఈ లీగ్ అని రియల్ మాడ్రిడ్ అధ్యక్షుడు ఫ్లోరెంటీనో పెరెజ్ టీవీలో చెప్పారు. రేపటి అభిమానులంటే ఎవరు? హైదరాబాద్‌లో, విశాఖలో, డాలస్‌లో మ్యాచ్ చూసే మనమే. మన పేరు చెప్పి మాంచెస్టర్ వీధిలోని మనిషిని తోసేయాలని చూశారు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఇదే. సయ్యద్ అబ్దుల్ రహీం లాంటి శిక్షకుడిని దేశానికిచ్చిన హైదరాబాద్‌కు పెద్ద జట్ల బొమ్మ తప్ప ఆట పరువు అక్కర్లేదని ఎవరు చెప్పారు వాళ్లకు?

మనకు సీజన్ టికెట్ లేదు, స్టేడియం ముందు నిలబడే అవకాశం లేదు, ఇంగ్లండ్ ఎంపీకి ఉత్తరం రాసే ఓటూ లేదు. కానీ ఆ స్పాన్సర్లూ, ఆ లీగ్‌కు అప్పివ్వబోయిన బ్యాంకూ మన చుట్టూ ఉన్నారు. 2021లో యునైటెడ్ జెర్సీ మీదికి వచ్చిన టీమ్‌వ్యూయర్, ఐటీ సపోర్టు ఉద్యోగాల్లో ఉన్న మనవాళ్లకు చిరపరిచితమైన సాఫ్ట్‌వేర్. ఆ పేరు కోసం ఐదేళ్లకు 23.5 కోట్ల పౌండ్ల ఒప్పందం, సూపర్ లీగ్ ప్రకటనకు నెల ముందే కుదిరింది. 2013లో యునైటెడ్‌తో ఒప్పందం కుదుర్చుకున్న అపోలో టైర్స్‌కు అప్పటి చిత్తూరు జిల్లా చినపాండూరులో 2020లో ఫ్యాక్టరీ మొదలైంది. జేపీ మోర్గాన్‌కు హైదరాబాద్‌లో వేలమంది మనవాళ్లు పనిచేస్తున్నారు. స్పాన్సర్ కంపెనీలు క్లబ్బుకు డబ్బిచ్చేది మాంచెస్టర్‌లోని మనిషి కోసమే కాదు, మన కళ్ల కోసం, మన కొనుగోళ్ల కోసం కూడా. కాబట్టి దూరపు అభిమాని రాసిన ఉత్తరాన్ని క్లబ్బు చెత్తబుట్టలో వేసినా, ఆ కంపెనీ భారత విభాగం వేయలేదు.

అభ్యంతరాలున్నాయి, వాటిలో కొన్ని న్యాయమైనవి. వాడని సాఫ్ట్‌వేర్‌కు, కొనని వస్తువుకు ఒక నక్షత్రం రేటింగ్ ఇచ్చి సమీక్షల పేజీలు నింపడాన్ని నేను సమర్థించను. అది అబద్ధం, నిజాయితీ కోసం చేసే పోరాటంలో దానికి చోటు లేదు. కొనను అని చెప్పాలి, ఎందుకు కొననో చెప్పాలి, అంతవరకే. కంపెనీలో పనిచేసే చిన్న ఉద్యోగులను తిట్టడం మరీ తప్పు, ఆ ఒప్పందం మీద సంతకం పెట్టింది వాళ్లు కాదు. యూఈఎఫ్ఏ మాత్రం పునీతమా అని అడిగేవాళ్లున్నారు. కాదు. అందరూ సూపర్ లీగ్‌ను తిడుతున్న ఏప్రిల్ 19నే అది ఛాంపియన్స్ లీగ్‌ను 36 జట్లకు పెంచి మరిన్ని మ్యాచ్‌లు ఆడించే పథకాన్ని ఆమోదించింది. అందుకే ఈ ఆయుధాన్ని ఒక్క సూపర్ లీగ్‌కే దాచిపెట్టకూడదు. స్పాన్సర్ డబ్బు పోతే మంచి ఆటగాళ్లు రారు కదా అనేది మరో ప్రశ్న, నిజమే, రాకపోవచ్చు. రెండు సీజన్లు ఐదో స్థానంలో ఉండటం, ఓడిపోలేని లీగ్‌లో ఆడటంకంటే నాకు సమ్మతమే. జర్మనీలో అభిమానులు 2023-24 సీజన్‌లో మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరి మ్యాచ్‌లు ఆపి మరీ లీగ్‌లోకి పెట్టుబడి సంస్థను తెచ్చే ప్రయత్నాన్ని ఆపించారు. అయితే అక్కడ క్లబ్బులో ఓట్ల మెజారిటీ సభ్యులదేనన్న 50+1 నిబంధన వాళ్ల వెనుక ఉంది. అలాంటి నిబంధన లేని చోట ఏదో ఒక పిడికిలి కావాలి.

ఇంగ్లండ్‌లో ఇప్పుడు కొంత రక్షణ ఉంది. మళ్లీ ఇలాంటి ప్రయత్నం చేస్తే ఒక్కో క్లబ్బుకు 2.5 కోట్ల పౌండ్ల జరిమానా, 30 పాయింట్ల కోత అని ఆ ఆరు క్లబ్బులూ ప్రీమియర్ లీగ్‌కు ఒప్పుకున్నాయి. 2025లో ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టం వచ్చి స్వతంత్ర నియంత్రణ సంస్థ ఏర్పడింది. కానీ ఆ చట్టం ఇంగ్లండ్ లీగ్‌లు దాటి వర్తించదు. 2023 డిసెంబరు 21న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం, కొత్త పోటీలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన యూఈఎఫ్ఏ, ఫిఫా నిబంధనలు పోటీ చట్టానికి విరుద్ధమని తీర్పిచ్చింది. ఏడాది తిరక్కుండానే సూపర్ లీగ్ ప్రచారకర్తలు యూనిఫై లీగ్ పేరుతో కొత్త ప్రతిపాదన పెట్టారు. అందులో మ్యాచ్‌లను ఆన్‌లైన్‌లో ఉచితంగా చూపిస్తామన్నారు. నెలనెలా చందా కట్టి చూసే మనకు ఆ మాట తీపిగా ఉంటుంది, అందుకే దాన్ని జాగ్రత్తగా చదవాలి. చూసేవాడు డబ్బు కట్టని లీగ్ ప్రధానంగా ప్రకటనల మీద, అంటే స్పాన్సర్ల మీదే నడవాలి. అలాంటి లీగ్ ఏ పేరుతో వచ్చినా, ఆ పేరు కింద అచ్చయ్యే కంపెనీల జాబితాను మొదటి రోజే తీసుకుని, ఒక్కో కంపెనీ భారత కార్యాలయానికీ మర్యాదగా, అబద్ధం లేకుండా, పేరు పెట్టి ఉత్తరం రాయాలి. జవాబు వచ్చేదాకా వాళ్ల వస్తువు కొనకూడదు. మొదటి మ్యాచ్ మొదలయ్యేదాకా ఆగితే ఆలస్యమవుతుంది, ఎందుకంటే స్పాన్సర్లు సంతకాలు పెట్టేది అంతకు చాలా ముందే.