యుఫోనియానికి అనుమతి కోరుతూ

నల్లగొండ జిల్లాలో చట్టానికి ఎదురవుతున్న అసలు ముప్పు గురించి ఇంతవరకు ఎవరూ నోరు విప్పలేదు. అది పెళ్లి బ్యాండు. నేను సౌండు గురించి మాట్లాడటం లేదు, దానికి పోలీసులున్నారు. అంతమంది వయొలినిస్టులను కూర్చోబెట్టి రికార్డు చేసిన సినిమా పాటను ఒక క్లారినెట్టు, రెండు ట్రంపెట్లు, ఒక యుఫోనియం (బొంగురుగా మోగే పెద్ద ఇత్తడి బాకా), రెండు డ్రమ్ములకు కుదించి, ఎవరినీ ఒక్క మాట అడగకుండా క్లాక్ టవర్ సెంటర్ దాటించేస్తున్నారు. మనం పక్కన నిలబడి చప్పట్లు కొడుతున్నాం.

1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం పాటను ఇలా వేరే వాయిద్యాలకు మలచడం అనుసరణ కిందికి వస్తుంది. ఆ హక్కు పాట యజమానిది. మన బ్యాండు మేస్త్రీ ఏం చేస్తాడు? ఫోన్లో పాట విని, వయొలిన్ల బిట్టు క్లారినెట్టుకు, బేసు యుఫోనియానికి పంచేస్తాడు. గాయని అందుకున్న పైస్థాయి ట్రంపెట్టు కుర్రాడి పెదాలకు బరువనిపిస్తే శ్రుతి దించేస్తాడు, అర్ధరాత్రి దాకా ఊదాల్సిన పెదాలు మరి. చరణానికి ముందు ఊపిరి తీసుకునే సందు లేకపోతే అక్కడ డ్రమ్మును వదులుతాడు. ఒక్క స్వరం కాగితం మీద పెట్టడు. రాత లేదు కాబట్టి అది సంగీత కృతే కాదని వాదించే వీలు కూడా 1994 సవరణతో పోయింది. విదేశాల్లో ఈ పని చేసినవాడి పేరు కాగితం పైన అచ్చు వేస్తారు. ఇక్కడ "మేస్త్రీ, చాయ్ తాగినవా" అంటారు. ఊదేవాళ్లకు సాహిత్యంతో పని లేదు కనుక పాట రచయిత అనుమతి ఒక్కటి అడగక్కర్లేదు, అదే అదృష్టం.

పెళ్లివారి మీద చట్టం దయ తలచిన మాట నిజమే. మతపరమైన వేడుకలో పాట వాయిస్తే ఉల్లంఘన కాదని 52వ సెక్షన్‌లో ఉంది. పెళ్లి ఊరేగింపూ ఆ లెక్కలోకే వస్తుందని వివరణ కూడా రాశారు. కాబట్టి బరాత్ ముందు నడిచినంతసేపూ మన బ్యాండు నిర్దోషి. మర్నాడు పొద్దున అదే బ్యాండు, అదే పాట, అదే రోడ్డు మీద సెల్‌ఫోన్ షాపు ఓపెనింగులో వాయిస్తే లైసెన్సు కావాలి. వెనక ఉన్నది గుర్రమెక్కిన పెళ్లికొడుకా, కత్తెర పట్టుకున్న ఓనరా అన్నది ట్రంపెట్టు కుర్రాడు వెనక్కి తిరిగి చూసుకోవాలి. పైగా ఈ మినహాయింపు వాయించడం గురించే మాట్లాడుతుంది. పాటను వాయిద్యాలకు పంచే పని గురించి అందులో ముక్క లేదు. పెళ్లినాడు అమాయకుడైన మేస్త్రీ ప్రాక్టీసునాడు ఏమవుతాడో లాయర్లు తేల్చాలి.

పోనీ, ముందే వాయిద్యాలకు పంచి పద్ధతిగా అచ్చేసిన అరేంజ్‌మెంటే కొందామా? చిన్న బ్రాస్ బృందానికి మామూలుగా దొరికేది ఐదుగురి కూర్పు: రెండు ట్రంపెట్లు, ఫ్రెంచ్ హార్న్, ట్రాంబోన్, ట్యూబా. మన బరాత్‌లో ఫ్రెంచ్ హార్న్ చూసినవారు చేయెత్తండి. హార్న్ శ్రుతి ఎఫ్, మన ట్రంపెట్టు శ్రుతి బి ఫ్లాట్. దాని వంతు దీనికివ్వాలంటే స్వరాలన్నీ తిరగరాయాలి. తిరగరాయాలంటే మళ్లీ హక్కుదారు అనుమతి. కాగితం కొన్నంత మాత్రాన మార్చే హక్కు రాదు, ఐదుగురికీ జిరాక్సు తీసి పంచే హక్కు అసలే రాదు. ఇంకో మార్గం ఉంది. సంగీత దర్శకుడు కన్నుమూసి 60 ఏళ్లు నిండితే ఆ స్వరం అందరిదీ అవుతుంది. అప్పటిదాకా పెళ్లికొడుకు ఆగితే సరి.

ఆగలేని కుటుంబాల సౌకర్యార్థం దరఖాస్తు నమూనా ఒకటి తయారుచేశాను:

"పబ్లిషర్ గారికి, నకిరేకల్ బ్యాండు మేస్త్రీ నమస్కరించి రాసుకునేది. మీ పాటలో హార్న్ వంతును యుఫోనియానికి ఇవ్వదలిచాము. యుఫోనియం ఆయన వరికోతలకు పోతే రెండో ట్రంపెట్టుకు ఇస్తాము. పల్లవి ఎన్నిసార్లు తిప్పాలన్నది మా చేతిలో లేదు, పెళ్లికొడుకు మేనమామ నోటు తీసినప్పుడల్లా మొదటికి రావలసి ఉంటుంది. ఎదురుగా డీజే బండి వస్తే మీ పాట ఎక్కడున్నా అక్కడే ఆపేస్తాము. పై మార్పులన్నింటికీ రాతపూర్వకంగా అనుమతి ఇప్పించగలరు. బరాత్ ఈ రాత్రి 8 గంటలకు."