చేపల తొట్టిలో నీళ్లు తోడి వడకట్టే మహారాజశ్రీ పవర్ ఫిల్టర్ గారి సముఖానికి

అయ్యా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది. కానీ కుశలంగా ఉన్నది తమరొక్కరే. ఫైటరు చేప రెండు రోజులుగా హీటరుకీ గాజుకీ మధ్య సందులో దూరి, రెక్కలు ముడుచుకుని ఉంది. మేతకోసం బయటికి వస్తే చాలు, తమరు వదిలే ధార ధాటికి దాని తోక తలకంటే ముందు నడుస్తోంది.

తమరి అట్టపెట్టె మీద "గంటకు 800 లీటర్లు" అని తాటికాయంత అక్షరాలున్నాయి. తమరు కొలువైన తొట్టి అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. నిండా పోస్తే 42 లీటర్లు. అడుగున రాళ్లు, పైన వదిలిన జాగా పోగా 35. ఆ నీళ్లు మొత్తం గంటకు 23 సార్లు తమరి కడుపులో పడి రావాలన్నమాట. ఆ అంకె స్పాంజి లేకుండా, నీళ్లు ఎత్తుకు తోడే పని లేకుండా కొలిచిందేలెండి. మూడో వంతు కొట్టేసినా 15 సార్లు. గప్పీ, నియాన్ టెట్రా లాంటి చిన్న చేపలకి నాలుగు నుంచి ఆరు సార్లు తిరిగితే చాలు. ఫైటరుకి అందులోనూ తక్కువే. థాయ్‌లాండ్ వైపు వరిమళ్లలో, కదలని నీళ్లలో బతికిన జాతి అది. మాటిమాటికీ పైకొచ్చి గాలి మింగాలి. దానికి మనవాళ్లు పెళ్లిచీర కుచ్చిళ్లంత తోక పెంచి, ఇప్పుడు ఏటికి ఎదురీదమంటున్నారు.

ఇక అసలు అభియోగం. నీళ్లు బాగుచేసేది తామేనని తమరి ప్రచారం. చెత్త పట్టడం వరకు ఒప్పుకుంటాం. చేప విసర్జించే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చేది మాత్రం తమరి స్పాంజికి అంటుకుని కాపురముండే బ్యాక్టీరియా. తమరు ఇంటి ఓనరు, అంతే. ఆ కాపురం కుదురుకోవడానికి తరచుగా మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. దుకాణంలో "ఫిల్టర్ పెట్టేశారుగా, సాయంత్రం చేపలు వదిలేయండి" అంటారు. తమరు పక్కనే బుడగలు వదులుతూ తల ఊపుతారు. వారం తిరక్కుండానే నీళ్లు పాలవిరుగులా మసకబారి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. చేపలు వదలని తొట్టి నీళ్లలో అమ్మోనియా 2 పీపీఎం (పది లక్షల పాళ్లకి రెండు పాళ్లు) వేసి, 24 గంటల్లో అదీ నైట్రైటూ రెండూ సున్నాకి దిగేదాకా టెస్ట్ కిట్‌తో చూసుకుంటే ఈ రభస ఉండదు.

కొత్తగా తొట్టి పెట్టినవాళ్లు ఆదివారం పూట చేసే ఇంకో ఘనకార్యం: స్పాంజిని కొళాయి కింద పెట్టి మల్లెపువ్వులా తెల్లబడేదాకా ఉతకడం. కొళాయి నీళ్ల క్లోరిన్‌కి ఆ కాపురం ఒక్క పూటలో ఖాళీ. తొట్టిలోంచి తీసిన నీళ్ల బకెట్లో రెండుసార్లు పిండితే సరిపోతుంది. స్పాంజి గోధుమ రంగులో ఉండటం జబ్బు కాదు.

తమరికి ముకుతాడు వేసే మార్గాలు లేకపోలేదు. ముందు తమరి మూతిని గాజువైపు తిప్పుతాం. ధార గోడకి గుద్దుకుని సగం పొగరు అక్కడే దిగుతుంది. చాలకపోతే 12 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న పైపు తమరికి తగిలించి, కొస మూసి, 4 మిల్లీమీటర్ల రంధ్రాలు పన్నెండు పెడతాం. ఈ లెక్క దగ్గరే చాలామంది తప్పుతారు. నాలుగు రంధ్రాలతో సరిపెడితే పైపు పిచికారీ అయి కూర్చుంటుంది, ముందుకంటే ఉధృతంగా కొడుతుంది. రంధ్రాలన్నిటి వైశాల్యం కలిపితే పైపు నోటికంటే ఎక్కువ ఉండాలి, పన్నెండైతే ఉంటుంది. తమరు పీల్చే వైపు నొక్కితే మాత్రం మోటారు గరగరలాడి వేడెక్కుతుంది, కాబట్టి బిగింపు ఎప్పుడూ వదిలే వైపే. పీల్చే సందులకి ముతక స్పాంజి తొడుగు. లేకపోతే గప్పీ పిల్లలు తమరి ఫలహారం. ఆ తొడుగునీ వారానికోసారి పిండాలి.

తరవాత పరీక్ష. ఒక్క పలుకు మేత నీళ్లలో వేస్తాం. అది మెల్లగా జారుతూ దిగితే తమరు పాస్. చేప నోరు తెరిచేలోపు తొట్టి చుట్టూ ప్రదక్షిణ చేసి వస్తే, తమరి స్థానంలో స్పాంజి ఫిల్టర్ సిద్ధంగా ఉంది. ఒక ఎయిర్ మోటారు, మూరెడు ట్యూబు, నీళ్లు వెనక్కి రాకుండా ఆపే ఒక చెక్ వాల్వు, అంతే దాని ఆస్తి. మోటారు నీటిమట్టం కంటే కింద పెడితే ఆ వాల్వు మానకూడదు. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు ట్యూబు పట్టుకుని మోటారులోకి దిగుతాయి. చూడ్డానికి సాదాసీదా మనిషి. బ్యాక్టీరియా కాపురానికి మాత్రం తమరి ఇరుకు డబ్బాకంటే దాని ఇల్లే విశాలం.

ఇట్లు,
హీటరు వెనక నక్కిన ఫైటరు తరఫున

తా.క.: కరెంటు నాలుగైదు గంటలు పోతే, కదలని నీళ్లలో గాలి అందక తమరి డబ్బాలో బ్యాక్టీరియా చచ్చి కుళ్లడం మొదలవుతుంది. రాగానే తమరు ఆ కుళ్లంతా ఒక్కసారిగా తొట్టిలో కక్కుతారు. అందుకే ప్లగ్గు పీకి, మూత తీసి, బకెట్లో స్పాంజి పిండిన తరవాతే తమరికి మళ్లీ పదవి.