మాస్టర్ బెడ్రూంలో పత్తి

ఇల్లు కట్టేటప్పుడు మాస్టర్ బెడ్రూం నైరుతిలోనే రావాలని మా నాన్న మేస్త్రీతో నాలుగు రోజులు కొట్లాడాడు. యజమాని నైరుతిలో పడుకుంటేనే ఇల్లు నిలబడుతుందట. ఇల్లు నిలబడింది. యజమాని మాత్రం ఆ గదిలో ఇంతవరకు నడుము వాల్చలేదు.

మా నల్లగొండ దిక్కు దసరా దాటిందంటే పడకగది పత్తిది. మొదటి ఏరుడు ఇంటికి రాగానే మంచం లేచి గోడకు నిలబడుతుంది. సంక్రాంతికల్లా పత్తి కిటికీని మింగేస్తుంది. వెంట వచ్చిన గులాబీ పురుగు తీరిగ్గా గోడలెక్కుతుంది. దానికి అద్దె లేదు.

ఓసారి మధ్యాహ్నం ఆ కుప్ప మీద ఒరిగాను. నాన్న ఉరికొచ్చాడు. "లే, నీ చెమటకు తేమ ఎక్కుతది!" ఆయన భయం ఉత్తది కాదు. పత్తి కొనే సర్కారు సంస్థ సీసీఐ లెక్కలో తేమ 8 శాతం దాటకుంటేనే పూర్తి మద్దతు ధర, ఆపైన ప్రతి శాతానికీ కోత, 12 దాటితే బండి వాపస్. 2025-26లో పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. నేను 72 కిలోలు, నాకు ఏ ధరా ప్రకటించలేదు. కాబట్టి హాల్లో చాప మీద పడుకోవడమే న్యాయం.

2015లో ప్రభుత్వం 560 చదరపు అడుగుల్లో డబుల్ బెడ్రూం ఇళ్లు అన్నప్పుడు మా ఊరు వెంటనే అర్థం చేసుకుంది: ఒకటి పత్తికి, ఒకటి వడ్లకు. మా రెండో గదిలో వడ్ల బస్తాలతో పాటు తొక్కు జాడీలు, అక్క పెళ్లికి వచ్చి ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్న స్టీలు బిందెలు కూడా కాపురముంటున్నాయి. ఏడో బిందె ఎవరు పెట్టారన్నది అమ్మకు ఇప్పటికీ టెన్షనే.

తమ్ముడు వర్క్ ఫ్రమ్ హోమ్ అని దిగాడు. తలుపేసుకునే జాగా అదొక్కటే కనుక పత్తికి వీపు పెట్టి మీటింగుల్లో కూర్చున్నాడు. "వెనక మంచేనా? మనాలి పోయినవా?" అని మేనేజర్ అడిగాడట. దురద పెడుతున్న వీపు గోక్కుంటూనే "అవును సార్" అన్నాడు వీడు.

ఇప్పుడు వాడికి పెళ్లి కుదిరింది. కొత్త జంటకు గది కావాలి, గది ఖాళీ కావాలంటే పత్తిని అడ్డికి పావుసేరు లెక్కన అమ్ముకోవాలి. నాన్న రెండు రాత్రులు ఆలోచించి పంతులును పిలిపించాడు.

"మాఘంలో వద్దు పంతులూ, ఉగాది దాటినంక చూడు. రేటు పెరిగేటట్టుంది."

పంతులు పంచాంగం మూసేశాడు. "నిజమే, నాదీ ఇంట్లనే ఉంది. ఆగుదాం."