దుబాసి అనుకుంటే బంట్రోతు

మా ప్రింటర్ మీద ఉన్న అభియోగం ఒక్కటే. అది ఇంకా పాడవలేదు.

ఇదేమీ చిన్న నేరం కాదు. దానితో పాటు కొన్న కంప్యూటర్ ఎప్పుడో కాలం చేసింది. ఆ తర్వాత వచ్చినదీ పోయింది. ఇప్పుడు మూడో తరం నడుస్తోంది. కొత్త ల్యాప్‌టాప్‌ని బల్ల మీద పెట్టి నాలుగు వైపులా తిప్పి చూశాను. ప్రింటర్ కేబుల్ తగిలించే చోటే లేదు. అంచున గోరు పట్టేంత చీలికలు రెండున్నాయి, అంతే. పక్కన మా డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, తెల్లగా ఉండాల్సిన ఒళ్లు పసుపుకి తిరిగి, స్విచ్ వేయగానే తల అటూ ఇటూ ఆడించి పనికి సిద్ధమని చెప్పింది. బాధ్యత గల వస్తువు ఏదైనా ఈపాటికి పొగ వదిలి యజమానికి దారి చూపించేది. దీనికి ఆ మాత్రం ఇంగితం లేదు.

నిందితుడి పూర్వాపరాలు కూడా పరిశీలించాలి కదా. 1970లో సెంట్రానిక్స్ అనే కంపెనీ తన ప్రింటర్‌కి ఒక కనెక్షన్ పద్ధతి పెట్టుకుంది. దాని 36 పిన్నుల సాకెట్టే తర్వాత అందరికీ ఆనవాయితీ అయింది. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు, కంప్యూటర్ వైపు 25 చాలని సరిపెట్టారు. ఒక చివర 36, ఇంకో చివర 25. పుట్టుకలోనే లెక్క కుదరని ఆ కేబుల్ ఏళ్ల తరబడి నిక్షేపంగా పనిచేసింది. 1994లో ఐట్రిపుల్ఈ అనే ఇంజనీర్ల సంస్థ వాళ్లు తీరిగ్గా కూర్చుని దీనికి 1284 అనే ప్రమాణం రాశారు. 1996 జనవరిలో యూఎస్‌బీ మొదటి వెర్షన్ వచ్చింది. ఇంటికి పట్టా చేతికొచ్చిన రెండేళ్లకే కూల్చివేత నోటీసు అన్నమాట.

ఆ పాత పద్ధతిలో ఒక మర్యాద ఉండేది. ఎనిమిది తీగల మీద ఎనిమిది బిట్లు పక్కపక్కనే వచ్చేవి. ప్రింటర్‌కి ఊపిరి సలపకపోతే 'ఆగు' అని చెప్పడానికి ఒక తీగ, అందిందని చెప్పడానికి ఒక తీగ, కాగితం అయిపోయిందని చెప్పడానికి మరో తీగ. ఒక్కో ఫిర్యాదుకి ఒక్కో తీగ! ఇప్పటి కంప్యూటర్ అన్ని కష్టాలకీ కలిపి ఒకే మాట చెబుతుంది, 'ఏదో పొరపాటు జరిగింది' అని. ఏమిటా ఏదో అంటే చెప్పదు.

కొత్త ప్రింటర్ కొనుక్కోవచ్చుగా అని సలహా ఇచ్చినవాళ్లకి లోటు లేదు. కార్బన్ కాగితం పెట్టి ఒక్క దెబ్బకి మూడు ప్రతులు తీయాలంటే పిన్నులతో కొట్టే యంత్రమే కావాలని చెప్పాను. ఇంకా కార్బన్ వాడుతున్నారా అని జాలిగా చూశారు. అంతటితో ఆ చర్చ ముగిసింది.

ఇక అడాప్టర్. రెండు భాషల మధ్య దుబాసి లాంటిదని నమ్మి తెప్పించాను. మొదట వచ్చినదానికి 25 రంధ్రాలున్నాయి. అది పాత కేబుల్‌కి తగులుతుంది. పాత కేబుల్‌ని పోయినేడు ఇల్లు సర్దుతూ 'ఇక దీనితో పనేముంది' అని నేనే స్వహస్తాలతో పారేశాను. రెండోసారి 36 పిన్నులది తెప్పించాను. ప్రింటర్ వెనక దాన్ని నొక్కి, రెండు పక్కలా ఉన్న తీగ కొక్కేలను టక్కుమని బిగిస్తే ప్రాణం లేచొచ్చింది. కానీ దాని రెండో చివర పాత యూఎస్‌బీ, ల్యాప్‌టాప్‌కి ఉన్నది టైప్-సీ. మళ్లీ ఇంకో ముక్క. దుబాసికి ఒక దుబాసి.

తగిలించగానే కంప్యూటర్ టింగుమంది. 'యూఎస్‌బీ ప్రింటింగ్ సపోర్ట్' దొరికిందని ప్రకటించింది. సపోర్ట్ అంటే మద్దతు. నైతిక మద్దతని తర్వాత అర్థమైంది. ఎందుకంటే ప్రింటర్‌తో ఎలా మాట్లాడాలో కంప్యూటర్‌కి నేర్పే ప్రోగ్రాం, అదే డ్రైవర్, లేదు. తయారుచేసిన కంపెనీ సైట్‌లో మా మోడల్ పేరు ఉంది, బొమ్మ ఉంది, 64 బిట్ డ్రైవర్ అన్నచోట మాత్రం ఖాళీ. టెన్షన్‌లో జాబితాలోంచి దగ్గర చుట్టంలా కనిపించిన పేరొకటి ఎంచుకుని, ఒక పేజీ బిల్లు పంపాను.

ప్రింటర్ గీపెట్టడం మొదలుపెట్టింది. మొదటి వరుసలో శాతం గుర్తు, ఆశ్చర్యార్థకం, పీఎస్, అడ్డగీత, అడోబీ. కింద బ్రాకెట్లు, అంకెలు, మళ్లీ బ్రాకెట్లు. నేను తేరుకుని స్విచ్ కట్టేసేసరికి కాగితం మడతలు మడతలుగా నేల మీదికి దిగింది. నేను ఎంచుకున్నది పోస్ట్‌స్క్రిప్ట్ డ్రైవర్. పేజీని ఎలా గీయాలో చెప్పే ప్రోగ్రాంనే అది అక్షరాల్లో రాసి పంపుతుంది. ఆ భాష రాని మా ప్రింటర్, చెవిన పడ్డదంతా అక్షరం పొల్లు పోకుండా కొట్టిపెట్టింది. తప్పు దానిదా? దుబాసి అనుకున్నవాడు బంట్రోతని అప్పుడు తేలింది. కవరు అందిస్తాడు, లోపల ఏముందో చదవడు. అడాప్టర్ మార్చేది తీగల్ని, భాషని కాదు. ఈ ముక్క డబ్బా మీద ఎక్కడా రాయలేదు, రాస్తే ఎవరు కొంటారు?

చివరికి విండోస్‌లోనే ఉండే 'జెనరిక్, టెక్స్ట్ ఓన్లీ' అనే డ్రైవర్ కాపాడింది. ఫాంట్లు లేవు, బొమ్మలు లేవు, తెలుగు అక్షరం దాని చదువులోనే లేదు. ఇంగ్లీషూ అంకెలూ బుద్ధిగా కొట్టింది. మర్నాడు పొరపాటున ఇంకో రంధ్రంలో తగిలించాను. నిన్నటి 'యూఎస్‌బీ001' పోయి 'యూఎస్‌బీ002' అయింది, ప్రింటర్ల జాబితాలో 'కాపీ 1' పుట్టింది. ఉన్నది ఒక్క ప్రింటరు, జాబితాలో సంతానం పెరుగుతోంది.

లెక్కల ప్రోగ్రాంకి ఇదీ సరిపోలేదు. అది పాతకాలపు మనిషి, కాగితం ఎప్పుడూ 'ఎల్‌పీటీ1' అనే చిరునామాకే, అంటే పాత ప్రింటర్ పోర్టుకే, పంపుతుంది. అడాప్టరేమో ఆ పోర్టుని పుట్టించదు, యూఎస్‌బీ ప్రింటర్ వేషంలోనే ఉంటుంది. దీనికి పెద్దలు చెప్పిన ఉపాయం ఇది: మన ప్రింటర్‌ని మనమే నెట్‌వర్క్‌లో షేర్ చేసి, 'నెట్ యూజ్' అనే కమాండ్‌తో మన కంప్యూటర్ పేరు మీదే దాన్ని తిరిగి అడిగి, ఎల్‌పీటీ1 అని పేరు తగిలించాలి. పెరటి గుమ్మంలోంచి సొంత ఇంట్లోకే వెళ్లి, ముందు గదిలో చుట్టంలా కూర్చోవడం. చేశాను. పనిచేసింది. సిగ్గనిపించింది గానీ పనిచేసింది.

ఈ సెట్టింగులన్నీ రాసుకున్న కాగితాల్ని స్కాన్ చేసి, ఒక ఫోల్డర్‌లో పెట్టి, దానికి ఎల్‌పీటీ1 అని పేరు పెట్టబోయాను. విండోస్ ఒప్పుకోలేదు. అది ఒక పరికరానికి కేటాయించిన పేరట. ఆ పరికరం ఈ ల్యాప్‌టాప్‌కి పుట్టుకతోనే లేదు, పేరు మాత్రం ఎవరూ తాకకూడదు. ఎల్‌పీటీ2 అన్నాను. అదీ రిజర్వే. తొమ్మిది దాకా ఇదే వరస.

ఎల్‌పీటీ10కి మాత్రం అభ్యంతరం లేదంది.